లోలోపల అన్న ఒక్క మాట

మంచినీళ్ళ కుండ మళ్ళీ ఏడ్చింది.

ఈసారి పట్టపగలే. వసంతి మూత తీసి చెంబు ముంచబోయి చెయ్యి మధ్యలోనే ఆపేసింది. కొంగు నోట్లో కుక్కుకున్న ఆడదాని ఏడుపు అది. పైకి రాదు, ఆగదు. కుండలో నీళ్ళు మాత్రం అద్దంలా నిలబడి ఉన్నాయి.

"విన్నావా నాయనా?"

ఉపదేశి అప్పన్న కోటు గుండీ కుట్టుకుంటున్నాడు. రేపు ఆదివారం. రేపు పాదిరీగారు వస్తారు. ఆయన ఈ దీవి భాష కిరియోల్‌లో చెప్పే వాక్యాన్ని ముక్కముక్కా తెలుగు చేసి చెరుకుతోట కూలీల కాంపు జనానికి అందించడం అప్పన్న పని. ఇరవయ్యేళ్ళుగా అదే పని. బాప్తిస్మం రోజున పాదిరీగారు అతనికి అహరోను అని పేరు పెట్టారు. కాంపులో ఆ పేరుతో పిలిచినవాడు ఒక్కడూ లేడు.

"గాలి," అన్నాడు, తలెత్తకుండా.

"కుండలో గాలేంటి?"

"ఎదురుబొంగుల కంచె కిర్రుమంటంది. ఇది మంచుకాలం. ఈ క్యూర్‌పైప్ కొండల మంచులో పెతీదీ మూలుగుతాది."

"కంచె వీధిలో ఉంది. కుండ నా ముందుంది."

సూది అప్పన్న వేలిలో దిగింది. అప్పుడు కుండ దగ్గింది. పొట్టివి రెండు దగ్గులు, తర్వాత పొడుగ్గా ఒకటి.

ఆ దగ్గు ఎవరిదో ఇంట్లో ముగ్గురికీ తెలుసు. మూడు వారాల కిందట, గురువారం మధ్యాహ్నం, చెరుకు తోట గట్టు మీద ఆఖరిసారి దగ్గిన పెద్దకూతురు తులసిది.

మూలన గోడవైపు తిరిగి కూర్చున్న రుక్మిణి కదల్లేదు. కూతురు పోయిన దగ్గర్నుంచీ ఆవిడ నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. మూడు రోజులుగా గంజి కూడా దిగడం లేదు. గొంతు దగ్గర ఉసిరికాయంత వాపు. నిన్నటికంటే ఈరోజు పెద్దది. అమ్మ ఇలాగే ఉంటే ఇంకో వారం బతకదని వసంతికి తెలుసు. అప్పన్నకీ తెలుసు. తెలిసీ గుండీ కుట్టుకుంటున్నాడు.

"పాదిరీగారు ఏమన్నారో నాకు తెలుసు నాయనా," అంది వసంతి.

"ఏమన్నారు?"

"ఆ ఆదివారం నేను మూడో బల్ల మీద కూర్చున్నాను. 'సా కి ప్లోరే' అన్నారు ఆయన. ఏడ్చేవాళ్ళు. అంతే. ఏడ్చేవాళ్ళు ధన్యులు, వాళ్ళకి ఓదార్పు దొరుకుతుంది అన్నారు. నువ్వేమన్నావు?"

అప్పన్న దారం పళ్ళతో తెంపాడు.

"'లోలోపల ఏడ్చేవాళ్ళు ధన్యులు' అన్నావు. లోపల అనాలంటే 'ఆందాన్' అనాలి. ఆయన ఆందాన్ అనలేదు. ఆ మాట నువ్వు కలిపావు."

"నోర్ముయ్!"

"మూసుకునే ఉన్నాం కదా! కాంపంతా మూసుకునే ఉంది. ఏడుపు లోపలికే పోయింది. నువ్వు పొమ్మన్నచోటికే పోయింది. కుండలోకి పోయింది, గోడలోకి పోయింది. అమ్మ గొంతులోకి పోయింది!"

అప్పన్న చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. కుండ ఏడుపు ఆపి, ఏం జరుగుతుందో వింటున్నట్టు ఊరుకుంది.

*

మన ఆడవాళ్ళ ఏడుపు ఉత్త కన్నీళ్ళ ఏడుపు కాదు. శవం పక్కన కూర్చుని శోకం ఎత్తుకుందంటే అందులో అన్నీ వస్తాయి. పోయినమనిషి ఏం తింది, ఏం తినకుండా పోయింది, ఎవరు కొట్టారు, ఎవరు మందు లేదన్నారు, అన్నీ పేరుపెట్టి వస్తాయి. మేజిస్ట్రేటు ముందు నాలుక పిడచకట్టుకుపోయే మనిషి కూడా శవం ముందు దాచదు. తోట దొరకి తెలుగు రాదు. కానీ ఈ ఒక్క సంగతి అతనికి ఎవడో చెప్పాడు. ఏడుపులో పేర్లుంటాయని.

అందుకే ఈ ఏడాది జ్వరం వచ్చి కాంపులో ఇరవైముగ్గురు పోయినప్పుడు, దొర అప్పన్నని బంగళా వరండా మెట్ల దగ్గరికి పిలిపించాడు.

"మీ మతంలో చచ్చినవాళ్ళు పరలోకానికి పోతారు కదా, అప్పన్నా?"

"పోతారు దొరా."

"మరి ఏడుపెందుకు? నీ మనుషుల్ని ఊరుకోబెట్టు. అంగలార్పులు నా చెవిన పడకూడదు." చేతికర్రతో కొండవైపు చూపించాడు. అక్కడ సున్నం వేసిన గుడిపాక ఉంది, అదే బడి, దాని పక్కనే అప్పన్న ఇల్లు. "ఆ పాక బాగుంది. చాలాకాలం నిలబడాలని నా కోరిక."

ఇంకేం చెప్పలేదు. చెప్పక్కర్లేదు. ఆ వచ్చిన ఆదివారమే అప్పన్న దేవుడి మాటలో తన మాట ఒకటి కలిపాడు. చిన్న మాట. ఉప్పురాయి అంత. కాంపులో కిరస్తానీల ఇళ్ళు ఏడే. మిగతావాళ్ళకి ఆ మాట, కూలీల్ని పనికి తోలే సర్దారు పోలయ్య కర్రతో చెప్పాడు. ఉపదేశే అన్నాడు, దేవుడికి కూడా పైకి ఏడిస్తే ఇష్టం లేదంట అని.

ఎవరూ ఏడవలేదు. నాలుగు రోజులయ్యాక రామలు ఇంట్లో రోకలి మొదట ఏడ్చింది. తర్వాత శివరాం ఇంట్లో ఖాళీ ఉయ్యాల. ఇప్పుడు కాంపులో ప్రతి గడపలోనూ దేనిమీదో ఒకదానిమీద గోనె కప్పి, పైన రాయి పెట్టి ఉంచుతున్నారు. పక్కింటివాళ్ళకి చెప్పరు. పక్కింట్లోనూ అదే ఉందని తెలుసు. ఎదురుపడితే, మంచు ఎక్కువగా ఉంది కదూ అనుకుంటారు.

*

"ఉపదేశిగారూ! పరలోకం తాళాలు ఇంట్లోనే ఉన్నాయా, ఎక్కడేనా పారేసుకున్నారా?"

పోలయ్య గొంతు. మెడలో జ్వరం అంటకుండా కట్టుకున్న కర్పూరం మూట, చంకలో కర్ర. అప్పన్నా అతనూ ఒకే ఓడలో వచ్చారు, అందుకని బావా అంటే బావా. ఒకడు చెరుకు కొట్టి కొట్టి సర్దారయ్యాడు, ఒకడు అక్షరాలు నేర్చి ఉపదేశి అయ్యాడు.

"రా," అన్నాడు అప్పన్న.

"రాను, కూకోను. దొర కబురు సెప్పి ఎల్లిపోతాను. రేపు పాదిరీతో కూడా సర్కారు డాకటేరు వస్తన్నాడు. సచ్చినోళ్ళు ఎలాగ సచ్చినారో రాసుకుంటాడంట. మనోళ్ళు సెప్పిందాన్ని కిరియోలు సేసి ఆ మనిసికి సెప్పాల్సింది నువ్వే. ఆళ్ళు ఏటి సెప్పినా..." నవ్వాడు. "నువ్వు ఏటి సెప్పాలో నీకు తెలుసు. జొరవొచ్చి ఇంటికాడ తొంగుని సచ్చినారు. అందరూనూ."

"అందరూనా?"

"అందరూనూ."

"మా అక్క కూడానా మావా?" అంది వసంతి.

పోలయ్య ఆ పిల్లవైపు చూడలేదు. మూలనున్న రుక్మిణి వీపు చూశాడు, చూపు తిప్పేశాడు. "గొంతు ఎండిపోతంది. కాసిన్ని నీళ్ళియ్యే కోడలా."

వసంతి కదిలింది. అప్పన్న వద్దనబోయి సగం లేచాడు. ఆ పిల్ల కుండ మీది రాయి తీసింది, గోనె తీసింది, చెంబు నిండా ముంచింది.

పోలయ్య ఎత్తిపట్టి గటగటా తాగాడు. "ఎంత సల్లగున్నాయి!" అని మూతి తుడుచుకున్నాడు.

నోరు మూశాడు.

మూసిన నోట్లోంచి ఏడుపు వినిపించింది. సన్నగా, కొంగు కుక్కుకున్న ఏడుపు. పోలయ్య గబుక్కున నోరు తెరిచాడు. ఆగింది. మూశాడు. మొదలైంది. పొట్టి దగ్గులు రెండు, పొడుగ్గా ఒకటి, అతని రొమ్ములోంచే.

"ఏటే ఇది? ఏటి కలిపినావే ఈటిలోన?"

"ఏమీ కలపలేదు. కలపడం మాకు అలవాటు లేదు. ఈ ఇంట్లో కలిపేవాళ్ళు వేరే ఉన్నారు." వసంతి చెంబు తీసుకుంది. "ఆ రోజు గట్టు మీద అక్క నీళ్ళడిగింది మావా. ఇచ్చావా?"

పోలయ్య కర్ర అక్కడే వదిలేసి వెళ్ళాడు. నోరు తెరుచుకునే వెళ్ళాడు. కొత్త మంచు అతన్ని నాలుగు అడుగుల్లోనే మింగేసింది. చాలాసేపటిదాకా ఎవరితోనో మాట్లాడుతున్నట్టు అతని గొంతు వినిపిస్తూనే ఉంది. మాట్లాడటం ఆపితే లోపలిది వినిపిస్తుంది గనక.

అప్పన్న కోటు కింద పడేసి బయటికి నడిచాడు.

*

గుడిపాకలో మంచు బల్లల మీద కూర్చుని ఉంది. అంత చిక్కగా ఉంది. అప్పన్న చీపురు పట్టుకున్నాడు గానీ ఊడవలేదు. మోకాళ్ళ మీద పడ్డాడు.

ఇరవయ్యేళ్ళుగా నేర్పుతున్న కొండమీది దీవెనలు అతనికి కంఠస్థం. ప్రార్థన రానప్పుడు అవే చెప్పుకుంటాడు. ఈరోజు ఒక్కొక్కటీ తిరగబడి అతన్నే నిలదీసింది.

తండ్రీ, దీనులు ధన్యులన్నావు. దీనుణ్ణి అనుకున్నాను. కాదు. దీనుడు నీ ముందు వంగుతాడు. నేను వరండా మెట్ల ముందు వంగాను. నడుం ఒకలాగే వంగుతుంది, అందుకే ఇన్నాళ్ళూ తేడా కనిపెట్టలేకపోయాను.

సాత్వికులకి భూమి దొరుకుతుందన్నావు. ఈ కాంపులో నాకంటే మెత్తనివాడు లేడనుకున్నాను. మెత్తదనం కాదు తండ్రీ, భయం. నీ కుమారుడు మెత్తనివాడే గానీ గుడిలో బేరగాళ్ళ బల్లలు తిరగేశాడు. నేను ఒక్క బల్ల కూడా జరపలేదు.

సమాధానపరిచేవాళ్ళు నీ పిల్లలన్నావు. నేను సమాధానపరచలేదు. నోళ్ళు కుట్టాను. నోళ్ళు కుట్టినవాడు ఎవరి పిల్లవాడు?

నీతి కోసం ఆకలిగొన్నవాళ్ళు...

అక్కడ ఆగాడు. రుక్మిణి మూడు రోజులుగా మెతుకు ముట్టలేదు. ఆవిడది ఏ ఆకలో అతనికి తెలిసింది. దాన్ని దాటి పక్కదానికి వెళ్ళాడు.

కనికరం చూపేవాళ్ళు ధన్యులు.

అది దాటలేకపోయాడు.

ఎందుకంటే ఆ గురువారం తెల్లవారుజామున సర్దారు కేక విని తులసి లేవలేకపోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. 'నాయనా, ఈ ఒక్కరోజూ వద్దని చెప్పు' అంది. రుక్మిణి గడపకి అడ్డంగా నిలబడింది, పంపనంది. పోలయ్య మూసిన తలుపు అవతల, వాకిట్లో కర్రతో నేలమీద కొడుతున్నాడు. అప్పుడు అప్పన్న పెళ్ళాం భుజం పట్టి పక్కకి జరిపాడు. తన చేత్తో గడియ తీశాడు. 'ఉపదేశి కూతురే ఎల్లకపోతే దొర ఏటనుకుంటాడమ్మా? ఎల్లు. దేవుడు సూసుకుంటాడు' అన్నాడు.

కాంపులో అందరూ పోలయ్య లాక్కెళ్ళాడనుకుంటున్నారు. వసంతి కూడా. ఆ పిల్ల అప్పటికి నూతి దగ్గర ఉంది. గడియ తీసిన చెయ్యి ఎవరిదో అతను గాక తెలిసింది ఇద్దరికే. ఒకరు చచ్చిపోయారు. ఒకరు మాట్లాడడం లేదు.

అప్పన్న అరచెయ్యి రొమ్ము మీద ఆనించుకున్నాడు. లోపల, పక్కటెముకల వెనక, దగ్గు. పొట్టివి రెండు. పొడుగ్గా ఒకటి. అతను పోలయ్యలాగ నీళ్ళు తాగలేదు. అతనిలో అది మొదటినుంచీ ఉంది.

"ఒరే అప్పన్నా."

ఉలిక్కిపడ్డాడు. గుమ్మంలో రత్నమ్మ. కాంపులో ఎవరి చావుకైనా శోకం ఎత్తిచ్చే ముసలమ్మ. నుదుట విబూది, చేతిలో యూకలిప్టస్ ఆకుల కట్ట. గుడిపాక గడప ఆవిడ ఏనాడూ తొక్కలేదు. ఇప్పుడూ తొక్కలేదు.

"నీ పెళ్ళాన్ని సూసొచ్చినాను. ఆకు ఉడకేసి ఆవిరి పట్టమన్నాను. అది మందు కాదు, ఊరికే నా తిరుప్తికి. ఏడుపు అడ్డం తిరిగినాది. అది నోట్లోంచి రావాల. ఇంకో దారి నేదు."

"ఏడవమను మరి."

"నేను సెప్తే ఏడుస్తాదేట్రా? అది మీ దేవుడి మనిసి. నీ నోటితో మూసినావు, నీ నోటితోనే తియ్యాల." ముసలమ్మ కళ్ళు చికిలించింది. "మీ దేవుడు నిజంగానే అన్నాడా, ఏడుపు లోపలెట్టుకోమని?"

అప్పన్న తల దించుకున్నాడు.

"నాకు తెలుసురా. అనడు. ఏ దేవుడూ అనడు. ఏడుపంటే బయపడీది మనుసులే." వెళ్ళబోయి మళ్ళీ తిరిగింది. "ఒక మాట. ఇన్నాళ్ళు దాసిన ఏడుపు మామూలుగా రాదు. ఎవులి పేరు తీస్తాదో ఎవులికీ తెల్దు. తట్టుకోగలిగితేనే తియ్యి."

*

ఆదివారం మంచు ఇంకా దిగింది. గుడిపాక నిండిపోయింది. ఎన్నడూ రానివాళ్ళు కూడా వచ్చి వెనకాల గోడలకి ఆనుకున్నారు. పిల్లలు కూడా గొడవ చెయ్యడం లేదు.

ముందు కుర్చీలో దొర. అతని పక్కన, మోకాలి మీద కాగితాలు పెట్టుకుని, కళ్ళజోడు మీది తేమ తుడుచుకుంటూ సర్కారు డాక్టరు. గుమ్మం పక్కన పోలయ్య, నోరు సగం తెరుచుకుని. తెల్లారేసరికి మనిషి పదేళ్ళు ముసలివాడయ్యాడు. వసంతి తల్లిని నడిపించుకొచ్చి మూడో బల్ల మీద కూర్చోబెట్టింది. రుక్మిణి గొంతు వాపు కొంగు కింద కూడా కనిపిస్తోంది.

పాదిరీగారు మంచి ముసలాయన. ఏమీ తెలియని మంచితనం. కిందటిసారి మొదలుపెట్టిన కొండమీది దీవెనలనే మళ్ళీ అందుకున్నారు. కాంపులో ఇంత దుఃఖం ఉంది గనక ఆ వాక్యం దగ్గర ఇంకాసేపు ఆగాలని ఉందన్నారు. అన్నీ అప్పన్న తెలుగు చేశాడు. గొంతు తడబడలేదు. అలవాటు.

పాదిరీగారు చేతులు చాపి, నెమ్మదిగా, "సా కి ప్లోరే..." అన్నారు.

వసంతి తండ్రి పెదాలవైపే చూస్తోంది.

అప్పన్న నోరు తెరిచాడు. రొమ్ములో దగ్గు కదిలింది. దొర చేతికర్ర నేలమీద ఒక్కసారి, సున్నితంగా, టక్కుమంది.

"ఏడ్చేవాళ్ళు ధన్యులు," అన్నాడు అప్పన్న.

జనం ఎదురుచూశారు. ముందు ఒక మాట ఉండాలి కదా, అది రాలేదు.

"ఏడ్చేవాళ్ళు. అంతే. లోలోపల అనేది లేదు. పోయినసారి కూడా లేదు. పాదిరీగారు అన్లేదు. దేవుడు అన్లేదు. నేనే కలిపినాను. దొర ఏడుపు ఇనపడకూడదన్నాడు. నేను దేవుడి నోట్లో దొర మాట ఎట్టినాను." అతను జనంవైపు ఒక అడుగు వేశాడు. "ఆ మాట ఎనక్కి తీసుకుంటన్నాను. ఏడండి. మీ ఇష్టం వొచ్చినట్టు ఏడండి."

పాదిరీగారు ఆశ్చర్యంగా చూశారు. తను చెప్పింది రెండు మాటలు, తెలుగులో ఇంత పొడుగు ఎందుకైందా అని.

ఒక్కరూ ఏడవలేదు.

గోడల అవతల వెదురు కంచె కూడా ఆగిపోయింది. అప్పుడు కింద కాంపులోంచి, మూడు వందల గజాల దూరంనుంచి, ఒక్కసారిగా రాళ్ళు పడ్డ చప్పుడు. కుండల మీదివి, రోళ్ళ మీదివి, పెట్టెల మీదివి, గోనెల మీద పెట్టిన రాళ్ళన్నీ. ఇళ్ళలో మనుషులెవరూ లేరు. అందరూ ఇక్కడే ఉన్నారు.

ఏదో మంచులో గుట్ట ఎక్కుతోంది. అడుగుల చప్పుడు కాదు. గాలీ కాదు. గుడిపాక గుమ్మం దగ్గర పోలయ్య తనంతట తానే పక్కకి తప్పుకున్నాడు, ఎవరికో దారి ఇచ్చినట్టు. నోరు గట్టిగా మూశాడు. లోపల ఏమీ వినిపించలేదు. అతను బావురుమన్నాడు, తన సొంత గొంతుతో.

రుక్మిణి లేచి నిలబడింది.

కొంగు జారింది. ఆవిడ గొంతు మీది వాపు పైకి కదలడం ముందు బల్ల వాళ్ళందరూ చూశారు. నోరు తెరిచింది. మొదట ఏమీ రాలేదు. తర్వాత వచ్చింది.

"తల్లీ తులసమ్మా... ఒల్లు కాలిపోతంటే సెరుకాకు ఎత్తడానికి ఎల్లినావా నా తల్లీ..."

రత్నమ్మ గుమ్మం బయట మంచులో నిలబడి పల్లవి అందుకుంది. రామలు పెళ్ళాం అందుకుంది. వెనక గోడకి ఆనుకున్న ఆడవాళ్ళందరూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకున్నారు. ఇరవైమూడు చావుల ఏడుపు పాక కప్పుకి తగిలింది.

"మందు కొట్టుకి తాళం ఎవులేసినారే నా తల్లీ... దొర ఏసినాడే నా తల్లీ... నీల్లడిగితే కర్ర ఎవులెత్తినారే నా తల్లీ... పోలిగాడు ఎత్తినాడే నా తల్లీ..."

దొర లేచి నిలబడ్డాడు. అతనికి తెలుగు రాకపోయినా దొర అంటే తనేనని తెలుసు. "ఆపమను!" అని అప్పన్న మీద అరిచాడు. అప్పన్న ఆపమనలేదు. ఆ క్షణాన అతని ఒళ్ళు తేలికగా ఉంది. చేయాల్సింది చేశాను, ఇక పాక పోయినా ఇల్లు పోయినా ఫరవాలేదు అనుకున్నాడు. ధన్యుణ్ణి అని కూడా అనుకున్నాడు. తర్వాత ఎన్నోసార్లు ఆ ఒక్క క్షణాన్ని తలుచుకుని సిగ్గుపడ్డాడు.

రుక్మిణి అతనివైపు తిరిగింది.

"గడియ ఎవులు తీసినారే నా తల్లీ..."

వెనకాల ఆడవాళ్ళు పల్లవి అందుకోబోయి ఆగారు. ఈ సంగతి వాళ్ళకి తెలియదు. వసంతి తల్లి చెయ్యి పట్టుకుని ఉన్నదల్లా వదిలేసింది.

"నాను అడ్డం ఎల్తే నన్ను తోసినారే నా తల్లీ... నిన్ను లేపి పంపినారే నా తల్లీ... ఎవులే... ఎవులే..."

పాతికేళ్ళ కాపురంలో రుక్మిణి మొగుడి పేరు పలకలేదు. ఏ తెలుగు ఆడదీ పలకదు. ఇదిగో, ఏమండి, తులసి నాయన, అంతే. బాప్తిస్మం రోజున పాదిరీగారు నీ భర్త పేరేమిటని అడిగితే సిగ్గుపడి అప్పటికి పసిపిల్ల అయిన తులసిచేత చెప్పించింది. అహరోనూ పలకలేదు, అసలు పేరూ పలకలేదు.

"అప్పన్న," అంది.

పెద్దగా అనలేదు. శోకంలోని రాగం కూడా లేదు. మామూలు మాటలా అంది. వెనక ఎవరో ముసలామె "ఓలమ్మో" అని నోటిమీద చెయ్యేసుకుంది. పాకలో ఏడుపు తెగిపోయింది.

ఆ మౌనంలో కుర్చీ కిర్రుమంది. సర్కారు డాక్టరు కళ్ళజోడు పెట్టుకుని ముందుకి వంగాడు. అతనికి ఇందాకటినుంచీ ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ ఆడమనిషి ముఖం అర్థమైంది. పెన్సిలు మొన కాగితం మీద ఆనించాడు.

"కి లి పె దీర్?" అని అడిగాడు అప్పన్నని. ఏమంటోంది ఆవిడ?

దొర అప్పన్నవైపు చూస్తున్నాడు. అతని ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది, బేరం కుదరబోయే ముందు వచ్చేలాంటిది. పాదిరీగారు చూస్తున్నారు. చెప్పడానికి ఎన్నో మాటలున్నాయి. జ్వరం అనొచ్చు. తల్లి మతి చలించింది అనొచ్చు. పోలయ్య పేరొక్కటే చెప్పి ఊరుకోవచ్చు. ఇంకో ఉప్పురాయి, అంతే.

అప్పన్న నాలుక మీద మాట తయారయింది. అది ఏ మాటో అతనికే ఇంకా తెలియలేదు.

అప్పుడు మూడో బల్ల దగ్గర వసంతి లేచింది. కళ్ళలో నీళ్ళు లేవు. ఇంటి దగ్గర కుండలో నీళ్ళెలా నిలబడ్డాయో, అలా నిలబడి ఉంది.

"నువ్వు చెప్తావా నాయనా," అంది, "నన్ను చెప్పమంటావా?"